టెక్ సందేహాలు: హెడ్‌సెట్‌లో నలుసు పడిందా? విప్పకండి

ఈ వారం ఉత్తరాల్లో వీఆర్ హెడ్‌సెట్ల (కళ్లకు కట్టుకుని బొమ్మలు చూసే పరికరాల) మీదే ఎక్కువ ప్రశ్నలున్నాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే అనిపించినా, అన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి: లెన్స్‌కీ, దాని వెనకున్న తెరకీ మధ్య మూసి ఉంచిన చిన్న ఖాళీకి. అందుకే నాలుగింటినీ ఒకేసారి తీసుకున్నాను.

మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 తెచ్చాడు. ఎడమ కంటి వైపు నల్ల చుక్క కనిపిస్తోంది. లెన్స్ ఎంత తుడిచినా పోవట్లేదు. మా వీధిలో ఫోన్లు బాగుచేసే అబ్బాయి విప్పి శుభ్రం చేస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? – ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

ఇవ్వకండి. ముందు ఆ చుక్క ఎక్కడుందో తేల్చుకోండి. తెల్లటి బొమ్మ ఏదైనా పెట్టి, కుడి కన్ను మూసి చూడండి. చుక్క అలుక్కుపోయినట్టు మసకగా ఉంటే అది లెన్స్ బయటి వైపున ఉన్నట్టు. మెత్తటి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో పోతుంది. అంచులు స్పష్టంగా ఉండి, హెడ్‌సెట్‌ను ముఖం మీద కాస్త అటూ ఇటూ జరిపినా బొమ్మలో అదే చోట కనిపిస్తే అది తెర మీదిది. అప్పుడు కూడా రెండు అవకాశాలు. ఆకారం సరిగ్గా చదరంగా ఉంటే పిక్సెల్ (తెరలోని అతిచిన్న వెలుగు చుక్క) పోయినట్టు, వంకరటింకరగా ఉంటే నలుసు పడ్డట్టు.

తుడిచినా పోలేదంటున్నారు కాబట్టి లోపలిదే అయ్యుంటుంది. లెన్స్ ఇక్కడ భూతద్దం పని చేస్తుంది. తెర మీదున్నది పెద్దదిగా, స్పష్టంగా కనిపించేలా దాన్ని అమర్చుతారు. అదే తెర మీద దుమ్ము పడితే అదీ అంతే పెద్దగా, అంతే స్పష్టంగా కనిపిస్తుంది. యాపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రోలో ఒక్కో పిక్సెల్ 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక్క వెంట్రుక ముక్క పడితే తొమ్మిది పిక్సెళ్ల వెడల్పున అడ్డం. అందుకే లెన్స్‌నూ ప్యానెల్‌నూ (అంటే తెరనూ) వడకట్టిన గాలి ఉండే క్లీన్ రూముల్లో కలిపి, దుమ్ము చొరకుండా మూసేస్తారు. మామూలు గదిలో విప్పితే ఒక నలుసు తీసేలోగా ఇంకో పది దూరతాయి. ఆ అబ్బాయి ఎంత పనిమంతుడైనా గదిలో గాలి అతని చేతిలో ఉండదు కదా. వారంటీ ఉంటే తమ్ముడి చేత కంపెనీని అడిగించండి. లేకపోతే ఆ చుక్కతోనే వాడుకోవడం మేలు.

క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్‌లలో ఏది కొనాలి? ధర తేడా లెన్స్‌లోనేనా? – హైదరాబాద్

చాలావరకు లెన్స్, తెరల్లోనే. 3ఎస్‌లో ఫ్రెనెల్ లెన్స్ ఉంది. గుండ్రటి గాడులు గీసి లెన్స్ బరువు తగ్గించే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1823లోనే ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో అమర్చారు. గాడుల అంచుల దగ్గర వెలుగు చెదిరిపోవడంతో నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాల చుట్టూ చారలు కనిపిస్తాయి. క్వెస్ట్ 3లో పాన్‌కేక్ లెన్స్ ఉంది. ఇందులో వెలుగు నేరుగా కంటికి రాదు. ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకొస్తుంది. ఒకే ఖాళీలో మూడుసార్లు నడుస్తుంది కాబట్టి మందం తగ్గుతుంది. క్వెస్ట్ 2 కంటే ఆప్టిక్స్ 40 శాతం పలచబడ్డాయని మెటా చెప్పింది.

అయితే దీనికీ మూల్యం ఉంది. మధ్యలో సగం వెలుగును పోనిచ్చి, సగాన్ని వెనక్కి కొట్టే అద్దం ఉంటుంది. దాన్ని వెలుగు రెండుసార్లు తాకాలి, తాకిన ప్రతిసారీ సగం పోతుంది. అంటే ఎంత బాగా చేసినా నాలుగో వంతుకు మించి కంటికి చేరదు. ఆ లోటు పూడ్చడానికి ప్యానెల్ ఎక్కువ వెలగాలి, ఎక్కువ వేడెక్కాలి. ఆటలకే అయితే 3ఎస్ చాలు. చదవడానికి, సినిమాలకు అయితే 3 తీసుకోండి.

మేం ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం. సొంతంగా హెడ్-మౌంటెడ్ డిస్‌ప్లే (తలకు తగిలించుకునే తెర) చేస్తున్నాం. త్రీడీ ప్రింటర్‌తో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో గొట్టం తీసి, లెన్స్‌నూ ప్యానెల్‌నూ ఫెవిక్విక్‌తో అతికించి మూసేశాం. లోపల తెల్లటి పొర పేరుకుంటోంది. ఫోకస్ కూడా రోజుకోలా ఉంటోంది. – వరంగల్

ముందు ఆ పొర సంగతి. సూపర్ గ్లూలు ఆరేటప్పుడు వదిలే ఆవిరి చుట్టుపక్కల నున్నటి తలాల మీద తెల్లగా దిగుతుంది. మీరు గొట్టం మూసేశారు, దానికి బయటికి దారి లేదు. లెన్స్ దరిదాపుల్లో ఆ జిగురు వద్దు. యూవీ దీపంతో గట్టిపడే ఆప్టికల్ జిగురు వాడండి. అసలు జిగురే లేకుండా మెత్తటి రబ్బరు రింగుతో పట్టి ఉంచితే ఇంకా మంచిది. ప్రింట్ చేసిన గోడల నుంచి సన్నటి పొడి రాలుతుంది కాబట్టి నునుపు చేసి, కడిగి, మెరుపు లేని నల్ల రంగు వేసి, బాగా ఆరాకే కలపండి. వెల్వెట్ లాంటి నల్ల కాగితం అంటించకండి, అది పోగులు రాలుస్తుంది.

ఫోకస్ విషయానికి ఒక చిన్న లెక్క చేయాలి. డిజైన్ మొదలెట్టేవాళ్లందరూ ముందు ఈ లెక్కే చేయాలని నా కోరిక. మీ లెన్స్ ఫోకల్ లెంగ్త్ (ఎండను లెన్స్ ఒక బిందువుగా చేర్చే దూరం) 40 మిల్లీమీటర్లు అనుకుందాం. బొమ్మ 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపించాలంటే ప్యానెల్ 39.2 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అది 1 మిల్లీమీటర్ జరిగితే కళ్లద్దాల లెక్కలో 0.6 పవర్ తేడా వస్తుంది. ఇప్పుడు లెన్స్, గొట్టం, ప్యానెల్ కలిసిన భాగాన్ని చిన్నది చేయాలని చిన్న ప్యానెల్, 20 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకున్నారనుకోండి. అదే 1 మిల్లీమీటర్‌కు తేడా 2.5 పవర్! ఫోకల్ లెంగ్త్ సగమైతే, తప్పుకు ఉన్న వెసులుబాటు నాలుగో వంతుకు పడిపోతుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ప్యానెల్ వేడికి గొట్టం కొద్దికొద్దిగా సాగుతుంటే ఫోకస్ నిలకడగా ఉండదు. కనీసం ప్యానెల్ కూర్చునే భాగమైనా అల్యూమినియంతో చేయించండి, వేడి కూడా దాని గుండా బయటికి పోతుంది. మరతో ముందుకీ వెనక్కీ జరుపుకునే ఏర్పాటు పెట్టి, ఫోకస్ కుదిరాక బిగించేయండి.

ఇక మూసెయ్యడం. పూర్తిగా గాలాడకుండా మూయడం సరైన పద్ధతి కాదు. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 45కు వేడెక్కితే పీడనం దాదాపు 7 శాతం పెరుగుతుంది. చల్లారినప్పుడు ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి బయటి తేమ గాలిని, దాంతోపాటు దుమ్మునీ లాక్కుంటుంది. చిన్న రంధ్రం పెట్టి, గాలిని మాత్రం పోనిచ్చి దుమ్మును ఆపే టెఫ్లాన్ పొర అతికించండి.

రెండు కళ్ల మధ్య దూరం మార్చే ఏర్పాటు కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. క్వెస్ట్ 2లో రెండు కళ్లకీ కలిపి ఒకటే ప్యానెల్. దాని ముందు లెన్సులు 58, 63, 68 మిల్లీమీటర్లకు జరుగుతాయి. జరిగే కీలుకు దుమ్ము ఆపడం కష్టం. ఒక్కో కంటికి లెన్స్, గొట్టం, ప్యానెల్ కలిపి ఒకే ముక్కగా మూసేసి, ఆ ముక్క మొత్తాన్నీ పట్టాల మీద జరపడం నా దృష్టిలో మేలైన దారి. పాన్‌కేక్ లెన్స్ వాడుతుంటే మరలు గట్టిగా బిగించకండి. అది వెలుగును వెనక్కీ ముందుకీ తిప్పేది కాంతి ధ్రువణం (తరంగాలు ఊగే దిశ) ఆధారంగానే. ప్లాస్టిక్ మీద ఒత్తిడి పడితే ఆ ధ్రువణం చెదిరి, ఒక బొమ్మ వెనక ఇంకో బొమ్మ నీడలా కనిపిస్తుంది.

మా బడి ల్యాబ్‌లో ఒకే హెడ్‌సెట్‌ను పిల్లలంతా వాడతారు. లెన్సులను శానిటైజర్‌తో తుడవొచ్చా? – ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

వద్దు సార్. ఈ లెన్సులు ఎక్కువగా ప్లాస్టిక్కే, ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు రావచ్చు, పైపూత పోవచ్చు. లెన్సులకు పొడి మైక్రోఫైబర్ గుడ్డ ఒక్కటే. ముఖానికి తగిలే మెత్తకు మాత్రం తీసి కడుక్కునే సిలికాన్ తొడుగు కొనండి. కళ్లద్దాల పిల్లలుంటే ఆ ఫ్రేము లెన్స్‌కు తగలకుండా దూరం పెంచే ఏర్పాటు వాడండి, గీత పడితే పోదు.

మీ ఊరి ఎండకు ఇంకో జాగ్రత్త అవసరం. కిటికీ పక్కన లెన్సులు పైకి ఉండేలా హెడ్‌సెట్ పెట్టకండి. ఎండ లెన్స్ గుండా లోపలికెళ్లి ప్యానెల్ మీద ఒక బిందువుగా పడుతుంది, కాసేపట్లోనే మాడిన మచ్చ మిగులుతుంది. దాన్ని తుడవలేం, ప్యానెల్ మార్చాల్సిందే. పీరియడ్ అయిపోగానే మూత పెట్టి బీరువాలో పెట్టే పని ఇద్దరు పిల్లలకు అప్పగించండి.