ముందుమాట అడిగిన కవయిత్రికి

అమ్మా,

మీ కవితల రాతప్రతీ, ముందుమాట కోరుతూ రాసిన ఉత్తరమూ అందాయి. ఆవిష్కరణ తేదీ ఖాయమైందనీ, ముగ్గురు పెద్దలు ఇప్పటికే ముందుమాటలు ఇచ్చారనీ, నాది కూడా చేరితే పుస్తకానికి నిండుదనం వస్తుందనీ మీరు రాసిన వాక్యం నన్ను బాధపెట్టింది. నేను రాయలేను. అందుకు కారణం మీ కవితలు కావు. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ మీద రాసిన కవిత నన్ను కదిలించింది. కారణం మనమందరం కలిసి పెంచుతున్న ఆచారం.

కొత్తగా రాసేవారందరూ తమకొక యోగ్యతాపత్రం కావాలనుకుంటున్నారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం 1940లో ‘యోగ్యతాపత్రం’ అనే ముందుమాట రాస్తే, పుస్తకం వెలువడింది 1950లో, పుస్తకంగా రాకముందే ఆ గీతాలు పత్రికల ద్వారా కుర్రవాళ్ల నోళ్లలో నానాయి. 1965లో, సంప్రదాయాన్ని ధిక్కరించిన దిగంబర కవులు తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ల కవిత్వంతో నాకు పేచీలున్నా, ఆ పని మీద గౌరవం తగ్గలేదు. ఆ తరువాత మనం మళ్లీ శాలువల దగ్గరికే వచ్చి చేరాం.

కవుల మధ్య పొగిడేవాళ్ల కంటే అడ్డుకునేవాళ్లు ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మర్యాద మనకు కొత్తది కాదు. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిదిమంది పృచ్ఛకులు, ఆశువుగా పద్యం చెప్పే అవధానిని పరీక్షించడానికే కూర్చుంటారు. వాళ్లలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాబోయేదాన్ని ఊహించి నిషేధిస్తాడు. అవధాని ఆ దారి విడిచి, ఛందస్సూ అర్థమూ చెడకుండా మరో అక్షరంతో పద్యాన్ని నడపాలి. నేను పద్యం రాయను, అవధానమే ఉత్తమ కవిత్వమనీ అనను. కానీ ఆ సభలో ఉన్న నిక్కచ్చితనం మన వచన కవుల గోష్ఠుల్లో లేదు. మీ రాతప్రతిలో చీకటి వచ్చిన ప్రతిచోటా రెండు పంక్తుల్లోపల వేకువ వస్తుంది. గాయం ఉన్నచోటల్లా పువ్వు పూస్తుంది. ఆ ముగ్గురు పెద్దల్లో ఒక్కరైనా ‘వేకువ నిషిద్ధం’ అని ఎందుకు చెప్పలేదు?

నేను రాయడం మొదలుపెట్టిన ఊళ్లో, గ్రంథాలయం పైగదిలో ఆదివారాలు కొందరం కలిసేవాళ్లం. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులొకరు అక్కడికి వచ్చి, చదివిన కవితనే మళ్లీ చదవమనేవారు. రెండోసారి గొంతు ఎక్కడ తడబడితే అక్కడ ఆపి, ‘ఈ మాట మీద మీకే నమ్మకం లేదు’ అనేవారు. ఆయన మీద కోపంతో నిద్రపట్టని రాత్రులున్నాయి. ఆ రాత్రుల్లో తిరగరాసినవే నా కవితల్లో మంచివి. ఆ రోజుల్లోనే ఒక వారపత్రిక సంపాదకుడు నా కవిత చివరి పంక్తులను చెప్పకుండా కోసి అచ్చువేసి, అడిగితే జాగా చాలలేదన్నాడు. పండితులు కోయమన్న ప్రతి మాటకూ కారణం చెప్పేవారు. ఈ తేడాను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఉగాది కవి సమ్మేళనాలకు మీరు కూడా వెళ్తున్నానని రాశారు. తన వంతు కాగానే సంచీ తీసుకుని లేచిపోయే కవులను మీరు చూసే ఉంటారు. ఆఖరి కవి ఖాళీ కుర్చీలకు చదువుకుంటాడు. అవధాని చివర ధారణలో తాను చెప్పిన పద్యాలన్నిటినీ తిరిగి అప్పజెబుతాడు. సమ్మేళనం నుంచి ఇంటికి వెళ్లే కవికి పక్కవారి కవితలో ఒక్క పంక్తి గుర్తుండదు. దయచేసి మీరు చివరిదాకా కూర్చోండి, విన్నవాటిలో ఒక్క కవిత గురించైనా ఆ కవితో మాట్లాడండి.

ఎన్ని ప్రతులు వేయించాలో, ఏ సంఘంలో చేరాలో నేను చెప్పలేను. బీడీల కవిత గురించి మాత్రం చెప్పగలను. చివర అమ్మ వేళ్లలోంచి సూర్యుణ్ణి ఉదయింపజేశారు. ఆ సూర్యుణ్ణి తీసివేయండి. కార్ఖానాలో కట్టలు లెక్కపెట్టి, బాగాలేవని కొన్నింటిని పక్కన పడేసే ఘట్టాన్ని మధ్యలో ఒక్క పంక్తిలో దాటేశారు. అక్కడ ఆగి, అప్పుడు అమ్మ ఏం చేసిందో రాయండి. ఆవిష్కరణను కొన్నాళ్లు వాయిదా వేసి, ఆ ఒక్క కవితతో మా ఊరు రండి. నలుగురం కూర్చుని వింటాం, మిమ్మల్ని రెండుసార్లు చదవమని అడుగుతాం.