రాయల్టీ పది శాతం సరే, దేని మీద?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. కలం పేరుతో ప్రేమ నవలలు రాస్తుంటాను, స్కూల్లో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ నా నవల 500 కాపీలు వేస్తామని అగ్రిమెంట్ పంపింది. ధర 200 రూపాయలు, రాయల్టీ 10 శాతం, అడ్వాన్స్ లేదు. 150 కాపీలు 30 శాతం తగ్గింపుతో ముందే నేను కొనాలి. అందుకోసం నా లక్ష రూపాయల చీటీ పాడేద్దామనుకుంటున్నాను. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడున్న కాగితం మీదైతే వద్దండీ.

ముందు చీటీ సంగతి. కాపీ 140 చొప్పున 150 కాపీలకు 21,000 అవుతుంది. తొందరపడి పాడితే, పోటీని బట్టి పాటలో 20, 25 వేలు వదులుకోవాల్సి రావచ్చు. ఆ తర్వాత కూడా నెలనెలా కట్టాల్సింది కడుతూనే ఉండాలి. 21 వేల కోసం ఇంత తలనొప్పి ఎందుకు? అసలు రచయిత దగ్గర డబ్బు తీసుకుని పుస్తకం వేసేవాళ్లకు ఆ పుస్తకం అమ్మాలన్న ఆత్రం ఉండదు. వాళ్ల ఖర్చులో చాలా భాగం మీ దగ్గరే వచ్చేసింది కదా.

ఇక ఆ 10 శాతం. మీరు పంపిన ఫొటోల్లో రెండో పేజీ చూడండి, ‘నికర రాబడిపై’ అని ఉంది, అంటే కమీషన్లు పోగా సంస్థ చేతికొచ్చేదాని మీద. షాపులకు, పంపిణీదారులకు 40, 45 శాతం కమీషన్ పోవడం ఈ వ్యాపారంలో మామూలే. 45 పోతే సంస్థకు మిగిలేది 110, మీకు వచ్చేది కాపీకి 11 రూపాయలు. మీరు కొన్నవి పోగా మిగిలిన 350 కాపీలూ అమ్ముడైతే 3,850. అదే ఎమ్మార్పీ మీద లెక్కగడితే 7,000. మీ 150 కాపీలు పూర్తి ధరకు అమ్ముకుంటే 9,000 మిగులుతుందని వాళ్లు చెప్పే ఉంటారు. కలం పేరు దాచుకున్న మనిషి స్టాఫ్‌రూములో ఎలా అమ్ముతారో వాళ్లే చెప్పాలి.

అయితే నన్ను ఎక్కువ భయపెట్టింది డబ్బు కాదు, మూడో పేజీ. ‘కాపీరైట్ అమల్లో ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో’ హక్కులు ఇచ్చేస్తున్నట్టు రాశారు. మన దేశంలో కాపీరైట్ అంటే రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. గడువు రాయకుండా వదిలేసినా మీకే మేలు జరిగేది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు చెప్పకపోతే అయిదేళ్లే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశమే. హక్కులు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడుకోకపోతే అవి తిరిగి రాసినవాళ్లకే వస్తాయి. కానీ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఈ రక్షణలేవీ అక్కరకు రావు. మీ కాగితంలో ‘ప్రచురణ తేదీ సంస్థ వీలును బట్టి’ అన్నది అందుకే పెట్టారేమోనని నా అనుమానం.

‘పుస్తకం మార్కెట్లో లేకపోతే హక్కులు వెనక్కి’ అన్న వాక్యం చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఈ-బుక్ ఒకటి ఆన్‌లైన్‌లో పడి ఉంటే చాలు, ఏడాదికి ఒక్కరు కొనకపోయినా పుస్తకం మార్కెట్లో ఉన్నట్టే.

కాబట్టి ఈ మార్పులు అడగండి. ముద్రణ, ఈ-బుక్ హక్కులు అయిదేళ్లకు మాత్రమే. ఏడాదిలో వంద కాపీలు కూడా అమ్ముడవకపోతే అయిదేళ్ల లోపే హక్కులు మీకు తిరిగి రావాలి. ఆడియో, సినిమా, వెబ్‌సిరీస్, అనువాదం మీ దగ్గరే ఉండాలి. సంతకమైన తొమ్మిది నెలల్లో పుస్తకం రావాలి, ఆరు నెలలకోసారి అమ్మకాల లెక్క పంపాలి. కొనుగోలు షరతు పూర్తిగా తీసేయాలి. కలం పేరు మీదేనని స్పష్టంగా రాయించండి, ప్రేమ నవలల పాఠకులు పేరు చూసే కొంటారు. తర్వాతి మూడు నవలలు ఇవే షరతులకు వాళ్లకే ఇవ్వాలన్న క్లాజు కొట్టేయించండి. మరీ పట్టుబడితే, ఒక్క నవల ముందుగా చూపిస్తాననండి, ధర అప్పుడు మాట్లాడుకోవచ్చు.

పన్ను గురించి ఇప్పుడు బెంగ అక్కర్లేదు. ఏడాదిలో రాయల్టీ 50 వేలు దాటితేనే 10 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ మాత్రం ఇవ్వండి. అగ్రిమెంట్‌లో కలం పేరుతో పాటు పాన్‌లో ఉన్న అసలు పేరు ఉండాలి, లేకపోతే రేపు డబ్బు అడగడానికి ఇబ్బంది.

చివరి పేజీలో ‘షెడ్యూలు’ కింద నవల పేరు, పేజీలు, తేదీ అన్నీ ఖాళీగా ఉన్నాయి. అవి నింపనిదే పెన్ను తీయకండి. ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలూ ఉండాలి, ఒక అసలు ప్రతి మీ దగ్గర ఉండాలి. ‘వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే’ అన్నదాన్ని తిరుపతికి మార్పించగలిగితే మంచిదే. 3,850 రూపాయల కోసం వాయిదా వాయిదాకీ నారాయణాద్రి ఎక్కుతామా?

ఇవన్నీ ఫోన్‌లో కాకుండా మెయిల్లోనే అడగండి. కొనుగోలు షరతు, హక్కుల గడువు, ఈ రెండింటికీ ఒప్పుకుంటే సవరించిన కాగితాన్ని తిరుపతిలోనే ఒప్పందాలు చూసే లాయరుకు ఒకసారి చూపించండి. ఒప్పుకోకపోతే ఆ ఫీజు కూడా దండగే.