ఇంట్లోనే మలమూత్రాలు విసర్జిస్తున్న కుక్కపిల్ల: ముందు మల పరీక్ష, వెంటనే శిక్షణ

ప్రశ్న: పశువుల కొట్టం కాపలాకు నెల క్రితం ఒక మగ కుక్కపిల్లను తెచ్చుకున్నాను. దానికి ఇప్పుడు రెండున్నర నెలలు. తెచ్చినచోట దానిని గోనె సంచుల మీద ఉంచేవారు. పగలంతా గిన్నెలో ఆహారం ఉంచుతున్నాను, రెండు పూటలా పాలు పోస్తున్నాను. అరగంట బయట తిప్పినా ఆడుకుంటుందే తప్ప ఏమీ చేయదు. లోపలికి రాగానే గుమ్మం దగ్గరి పట్టా మీద మూత్రం పోస్తుంది. విరేచనం రోజుకు ఆరేడు సార్లు, పలచగా అవుతోంది. ముక్కు అందులో రుద్ది, బెత్తంతో కొట్టినా మారలేదు సరికదా, ఇప్పుడు మంచం కిందికి దూరి చేస్తోంది. రాత్రి మాత్రం ఐదు గంటలు పక్క తడపకుండా పడుకుంటుంది. మందుల దుకాణంలో అడిగితే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. ఐదు రోజులు పోసినా గుణం లేదు. ఇంకో సీసా వాడమని, సాయంత్రం నుంచి నీళ్లు ఆపమని అంటున్నారు. ఇది మొండితనమా, జబ్బా? ఏ మందు వాడాలి?

జవాబు: రెండో సీసా తెరవవద్దు. మూత్రాశయ ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కపిల్ల మాటిమాటికీ ముక్కుతూ, కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంది. మూత్రంలో రక్తపు చార కనిపించవచ్చు, ఆ భాగాన్ని పదేపదే నాకుకుంటుంది, నిద్రలోనూ పక్క తడుపుతుంది. రాత్రి ఐదు గంటలు పొడిగా పడుకోగలిగిన పిల్లకు ఆ జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. మూత్ర పరీక్ష చేయించకుండా, పిల్లను కళ్లతో చూడకుండా దుకాణంలో నిలబడి రాసిన యాంటీబయాటిక్ వల్ల అసలే పలచగా ఉన్న విరేచనం మరింత పలచబడుతుంది. ఇక మొండితనం సంగతి. రెండున్నర నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు, మహా అయితే మూడు గంటలకు మించి మూత్రాన్ని ఆపుకోలేదు. పూర్తి పట్టు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య గాని రాదు.

మీ లేఖలో నన్ను ఆలోచింపజేసింది మూత్రం కాదు, ఆరేడు సార్లు అవుతున్న పలచని విరేచనం. పశువుల పాలలోని చక్కెర చాలా కుక్కపిల్లలకు సరిగా అరగదు కనుక పాలు ఈ రోజే ఆపండి. నట్టల మందు ఎప్పుడు వేశారో మీరు రాయలేదు, వేయలేదనే అనుకుంటున్నాను. ఏలికపాములు తల్లి గర్భంలో ఉండగానే, కొంకి పురుగులు తల్లి పాల ద్వారా పిల్లకు సంక్రమిస్తాయి కాబట్టి, మందు వేయని పిల్లకు నట్టలు ఉన్నాయనే భావించాలి. పైరాంటెల్ అనే నట్టల మందును కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున తాగించి, రెండు వారాల తర్వాత మళ్లీ ఇవ్వండి. మూడు నెలల వయసు వరకు రెండు వారాలకు ఒకసారి, ఆరు నెలల వరకు నెలకు ఒకసారి, ఆ పైన మూడు నెలలకు ఒకసారి కొనసాగించాలి. బరువును కంటితో అంచనా కట్టవద్దు. పిల్లను ఎత్తుకుని ఒకసారి, దింపి ఒకసారి తూకం మీద నిలబడి తేడా చూసుకోండి. అయితే మందు వేయడానికి ముందే తాజా మలాన్ని శుభ్రమైన డబ్బాలో పశువైద్యశాలకు తీసుకువెళ్లి పరీక్ష చేయించండి. కాక్సీడియా, జియార్డియా అనే సూక్ష్మ పరాన్నజీవులు కూడా ఈ వయసులో ఇలాంటి విరేచనాలే కలిగిస్తాయి. పైరాంటెల్ వాటి మీద పనిచేయదు, వాటి మందులు వేరు.

పేగు కుదుటపడకుండా ఏ శిక్షణా నిలవదు, కానీ శిక్షణను అందాకా వాయిదా వేయనక్కర్లేదు. గిన్నెను పగలంతా ఉంచడం మానండి. రోజుకు నాలుగు సార్లు నిర్ణీత వేళల్లో ఆహారం పెట్టి, పదిహేను ఇరవై నిమిషాల్లో మిగిలినది తీసేయండి. తిండికి వేళ ఉంటే విసర్జనకూ వేళ ఏర్పడుతుంది. తిన్న తర్వాత ఐదు నుంచి ముప్పై నిమిషాల లోపు, నిద్ర లేచిన వెంటనే, ఆట ముగియగానే, పడుకోబోయే ముందు తప్పనిసరిగా బయటికి తీసుకువెళ్లాలి. ఇవి కాక పగటిపూట ప్రతి రెండు గంటలకు ఒకసారి, రాత్రి మధ్యలో ఒకసారి తీసుకువెళ్లాలి.

అరగంట తిప్పడమే మీ పొరపాటు. నడుస్తూ ఉంటే పిల్ల ధ్యాస వాసనల మీదికి, ఆట మీదికి పోతుంది. మెడకు తాడు వేసి, గుమ్మం దాటేవరకు చేతుల్లో ఎత్తుకుని, ప్రతిసారీ ఒకే చోటికి తీసుకువెళ్లి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కదలక నిలబడండి. పని పూర్తయిన మరుక్షణమే, అదే చోట, దానికి ఇష్టమైన తినుబండారపు ముక్క ఒకటి పెట్టి మెచ్చుకోండి. లోపలికి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారని అది నేర్చుకుంటుంది. పని అవగానే లోపలికి లాక్కురావడం కూడా తప్పే, ఎందుకంటే విసర్జిస్తే ఆట ముగుస్తుందని గ్రహించిన పిల్ల బయట బిగబట్టడం మొదలుపెడుతుంది. ఆటను విసర్జన తర్వాతకు జరపండి. ఏమీ చేయకపోతే లోపలికి తెచ్చి, తాడును మీ నడుముకు కట్టుకుని, పది పదిహేను నిమిషాల్లో మళ్లీ తీసుకువెళ్లండి. ఆటలో ఉన్న పిల్ల ఉన్నట్టుండి ఆపి, ముక్కు నేలకు ఆనించి ఒకే చోట చుట్టూ తిరిగిందంటే మీకు కొన్ని క్షణాలే వ్యవధి ఉంది.

పట్టా మీదే ఎందుకు పోస్తోందన్నదానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మూడో వారం నుంచి ఎనిమిదిన్నర వారాల లోపు కుక్కపిల్ల ఎలాంటి నేల మీద విసర్జించిందో అలాంటి నేలనే తర్వాతా వెతుక్కుంటుంది. మీ పిల్ల ఆ కాలంలో చాలా భాగం గోనె మీద గడిపింది, దాని కాళ్లకు పట్టా కూడా గోనెలాగే తగులుతుంది. కాబట్టి ఇంట్లోని పట్టాలు, సంచులు కొన్ని వారాలు తీసేసి, దాని మూత్రం అంటిన గోనె ముక్కను బయట మీరు ఎంచుకున్న చోట పరవండి. అక్కడ అలవాటు కుదిరాక, మూడు నాలుగు రోజులకొకసారి ఆ ముక్కను కత్తిరించి చిన్నది చేస్తూ పోతే మట్టి మీదికి మారుతుంది.

బెత్తాన్ని పక్కన పడేయండి. ముక్కు రుద్దడం వల్ల ఇంట్లో పోయకూడదని అది నేర్చుకోలేదు, మీ కంటపడేలా పోయకూడదని నేర్చుకుంది. మంచం కిందికి దూరడం అందుకే, బయట మీ ఎదుట ఆగిపోవడమూ కొంత అందుకే. చేస్తూ ఉండగా చూస్తే చిన్నగా చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుని బయటికి తీసుకువెళ్లండి. తర్వాత చూస్తే శుభ్రం చేసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. మీరు వంగి పలకరించినప్పుడు చెవులు వాల్చి, నేలకు అణిగి కొన్ని చుక్కలు పోస్తే అది భయంతో కూడిన లొంగుబాటు, దండిస్తే పెరుగుతుంది. శుభ్రానికి ముందు సబ్బు నీటితో కడిగి, ఎంజైములున్న శుభ్రపరిచే ద్రావణం వాడండి. అమోనియా కలిసినవి వాడితే ఆ వాసన మూత్రాన్నే తలపించి పిల్ల మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ తడి ఆరని నేలను నాకిన పిల్లకు హాని జరుగుతుంది.

నీళ్లు ఆపమన్న సలహా అన్నిటికంటే ప్రమాదకరం. విరేచనాలవుతున్న పిల్లకు నీళ్లు ఆపితే ఒంట్లో నీరు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, చివరి ఆహారాన్ని మాత్రం నిద్రకు మూడు గంటల ముందు పెట్టండి.

బయట ఎక్కడ అన్నది మీ వంటి పశుపోషకులకు ముఖ్యమైన ప్రశ్న. గడ్డివాము, దాణా, పశువుల నీళ్ల తొట్టి, కూరగాయ మళ్లకు దూరంగా ఉన్న చోటును ఎంచుకోండి. కుక్క మలం ద్వారా మేతలోకి చేరే నియోస్పోరా అనే పరాన్నజీవి ఆవులు ఈసుకుపోవడానికి (గర్భస్రావానికి) కారణమవుతుంది. ఏలికపాము గుడ్లు మట్టిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు సోకే దశకు చేరతాయి కనుక మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి లోతైన గుంతలో పూడ్చాలి. ఆ చోటికి ఊరకుక్కలు రాకూడదు. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు కలిగించే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని పిల్లకు అది ప్రాణాంతకం. పార్వోకు, డిస్టెంపర్ అనే మరో ప్రాణాంతక వైరస్ వ్యాధికి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల వ్యవధితో పదహారు వారాలు నిండేవరకు సాగాలి. మొదటి డోసు పడకపోయి ఉంటే మల పరీక్షకు వెళ్లినప్పుడే అడగండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించి, ఏడాదికి మళ్లీ వేయించాలి.

వాంతులతో పాటు రక్త విరేచనం కనిపించినా, పిల్ల తిండి మాని ముడుచుకుని పడుకున్నా మరుసటి రోజు వరకు ఆగకుండా పశువైద్యునికి చూపించండి. అలాంటివేమీ లేకుంటే పిల్లను ఇంట్లో ఒకే గదిలో ఉంచి, నాలుగు వారాలు వరుసగా ఒక్కసారీ తడపకపోతే మరో గదిలోకి వదలండి, అక్కడ తడిపితే మళ్లీ పాత గదికే పరిమితం చేయండి.