సముద్రం పక్కన వారం రోజులు, ఎలా ప్లాన్ చేసుకోవాలంటే

బంగారం,

నువ్వు పంపిన లిస్ట్ చూశా తల్లీ. 7 రోజులు, 4 హోటళ్ళు, చూడాల్సినవి 19. బీచ్‌లు, లైట్‌హౌస్, లోపలి పల్లెలు, కొండ మీద నడక, అన్నీ మంచివే, ఒక్కటీ తీసిపారేసేది కాదు. కానీ ఇది ఇలాగే పెట్టుకుంటే మీరు సగం సెలవు కార్లోనే కూర్చుంటారు, అందుకే ఇవాళే రాస్తున్నా, ఇంకా బుకింగ్స్ చెయ్యలేదన్నావుగా.

మేమూ మొదట్లో ఇలాగే చేసేవాళ్ళం. ఒక ట్రిప్‌లో రోజుకో రూమ్ మార్చాం, పొద్దున్నే సామాను సర్దడం, ఖాళీ చెయ్యడం, మధ్యాహ్నం వరకు కొత్త రూమ్ ఇవ్వకపోతే బ్యాగులు కార్లో పెట్టుకుని తిరగడం, ఇంటికొచ్చాక పిల్లాడిని ఏం బాగుంది రా అంటే ఒక చోట సాయంత్రం వరకు ఇసుకలో గొయ్యి తవ్వుకున్న రోజు చెప్పాడు, అంతే. అప్పట్నుంచి నేనూ మీ పెదనాన్నా ఎన్ని రోజులైనా రెండు చోట్ల కంటే ఎక్కువ దిగట్లేదు. నువ్వు కూడా 4 రాత్రులు సముద్రం పక్కన, 3 రాత్రులు లోపల పల్లె వైపు పెట్టుకో. మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీగా వదిలెయ్యి, వాన పడి ఏదైనా తప్పిపోతే ఆ రోజు పనికొస్తుంది, పడకపోతే నచ్చిన చోటికే మళ్ళీ వెళ్తారు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్లాన్‌లో ప్రతిదానికీ టైమ్ రాశావు గానీ సముద్రం టైమ్ ఎక్కడా రాయలేదు. పోటు (నీళ్ళు పైకి రావడం) ఎప్పుడు, ఆటు (వెనక్కి పోవడం) ఎప్పుడు అనేది ముందు చూడాలి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, అంటే ఇవాళ పొద్దున 10కి బీచ్ విశాలంగా ఉంటే రేపు అదే సీన్ ఇంచుమించు 50 నిమిషాలు లేటుగా వస్తుంది, నాలుగు రోజులు తిరిగేసరికి పొద్దున ఆడుకున్న ఇసుక మొత్తం ఆ టైమ్‌కి నీళ్ళ కింద ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, బాగా ముందుకీ వస్తాయి. పిల్లలకి రాతి గుంటల్లో పీతలు, నత్తలు చూపించాలంటే ఆ రోజులే మంచివి, కానీ జాగ్రత్త కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ కావాలి.

ఎందుకు చెప్తున్నానంటే, మీ అన్నకి ఎనిమిదేళ్ళప్పుడు ఒక బీచ్ చివర కొండ మలుపు దాటి అవతలి ఇసుకలోకి నడుచుకుంటూ వెళ్ళాం. వెళ్ళేటప్పుడు కాళ్ళు కూడా తడవలేదు. గంట గడిచాక చూస్తే నీళ్ళు పెద్దగా పెరగలేదు, ఇంకా టైముందిలే అనుకున్నాం, ఇంకో గంటన్నర తర్వాత తిరిగొస్తే మలుపు దగ్గర నడుం లోతు. మీ పెదనాన్న వాడిని భుజాల మీద ఎక్కించుకుని రాళ్ళు పట్టుకుంటూ దాటించారు, నేను వెనకాల. తర్వాత తెలిసింది, ఆటు నుంచి పోటు దాకా పట్టే ఆ ఆరు గంటలూ నీళ్ళు ఒకే స్పీడ్‌లో పెరగవని. మొదటి గంటలో మొత్తం పెరగాల్సిన దాంట్లో సుమారు పన్నెండో వంతు మాత్రమే వస్తుంది, మూడో గంట, నాలుగో గంట కలిపి సగం వచ్చేస్తుంది. మొదటి గంట చూసి ధైర్యపడిన వాళ్ళే ఇరుక్కుంటారు. కాబట్టి ఆటు పూర్తయ్యే ముందు బయలుదేరి, నీళ్ళు తిరిగే టైమ్‌కి మీరూ వెనక్కి తిరగండి.

ఈ తేడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మధ్యధరా సముద్రం పక్కన చాలా చోట్ల నీళ్ళు పెరిగింది తెలియనే తెలియదు, కెనడాలో బే ఆఫ్ ఫండీ దగ్గర మాత్రం 16 మీటర్ల దాకా తేడా ఉంటుంది. ఇంగ్లాండ్‌లో లిండిస్‌ఫార్న్ అనే దీవికి వెళ్ళే రోడ్డే రోజుకి రెండు సార్లు మునిగిపోతుంది, దాటడానికి ఏ టైమ్ సేఫ్ అనేది టేబుల్ చూసుకునే వెళ్తారు. మీరు వెళ్ళే చోటు ఎలాంటిదో ఆ ఊరి ఆటుపోట్ల టేబుల్ తీసుకో, పక్క ఊరిది కాదు, ఆ ఊరిదే.

ఇక రోజులో ఏ పని ఎప్పుడంటే, బోటు ఎక్కేది ఉంటే పొద్దున్నే పెట్టుకో. ఎండెక్కితే నేల నీళ్ళకంటే తొందరగా వేడెక్కుతుంది, అందుకే మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి గాలి లోపలికి కొడుతుంది, అలలు కూడా లేస్తాయి. నీకు చిన్నప్పట్నుంచి బస్సే పడదు కదా, బోటులో మధ్యలో కూర్చో, ఫోన్ చూడకు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూస్తూ ఉండు, టాబ్లెట్ వేసుకునేదైతే ఎక్కాక కాదు, ముందే. చల్లగాలికి ఎండ తెలియదు గానీ చర్మం మాడుతుంది, మబ్బున్నా సరే, ఎండిన ఇసుక కూడా అల్ట్రావయొలెట్‌ని 15 శాతం దాకా పైకి కొడుతుంది, గొడుగు కింద ఉన్నామని పిల్లలకి సన్‌స్క్రీన్ మానేయకు. అన్నట్టు సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ సముద్రం మీదే చూడాలని రాశావు, తీరం ఏ దిక్కుకి ఉందో మ్యాప్‌లో చూసుకో, మామూలుగా రెండిట్లో ఒకటే దొరుకుతుంది.

నీళ్ళలో దిగే విషయం అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. లైఫ్‌గార్డులు ఉన్న బీచ్‌లోనే దిగండి, చాలా దేశాల్లో ఎరుపు పసుపు జెండాలు రెండిటి మధ్య భాగమే ఈతకి. వరసగా అలలు విరుగుతూ ఉండి మధ్యలో ఒక చోట మాత్రం విరక్కుండా ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తే పిల్లలకి అదే బాగుందని తీసుకెళ్తారు చాలామంది, అది నీళ్ళు వెనక్కి లాగేసే దారి. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలిసిపోతాం. తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి రావాలి.

రూమ్ బుక్ చేసే ముందు మీ అత్తగారి మోకాళ్ళు గుర్తు పెట్టుకో. మ్యాప్‌లో బీచ్ 200 మీటర్లే అని ఉంటుంది, తీరా చూస్తే హోటల్ కొండ అంచున, బీచ్ కింద, మధ్యలో వంద మెట్లు. ఫోన్ చేసి అడుగు, మెట్లు ఎన్ని, లిఫ్ట్ ఉందా, కారు ఎంత దగ్గరి దాకా వస్తుంది, రూమ్‌లోంచి కూర్చుని సముద్రం కనిపిస్తుందా, బాల్కనీ చివర నిలబడి తొంగి చూస్తేనా. ఆవిడ రోజంతా మీతో నడవలేరు, కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళు చూస్తూ ఉండేలా రూమ్ దొరికితే ఆవిడకీ సెలవు సెలవులా ఉంటుంది, కాస్త ఎక్కువైనా అక్కడ ఖర్చు పెట్టు, పిల్లల రూమ్‌లో తగ్గించుకో.

పల్లె వైపు రోడ్లు సన్నం, మలుపులు, ముందు ట్రాక్టరో పశువులో ఉంటే వాటి వెనకాలే. మ్యాప్ గంట అంటే నువ్వు గంటన్నర రాసుకో, చీకటి పడకముందే చేరేలా చూసుకో. సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ ఏరియా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చెయ్యి, కొంచెం క్యాష్ ఉంచు, ట్యాంకు సగం అవగానే నింపించు. పొలాల మధ్య నడిచేటప్పుడు గేటు మూసి ఉంటే దాటాక మూసెయ్యండి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యండి, అది వాళ్ళ బతుకు తల్లీ, మనం చూసిపోయే వాళ్ళం.

ఆ 19లోంచి నీకు నిజంగా ఇష్టమైనవి ఆరు, పిల్లలు అడిగినవి రెండు, మీ అత్తగారు కోరింది ఒకటి తీసి పంపు. తేదీలు ఖాయమయ్యాక ఆ వారం ఆటుపోట్ల టేబుల్ కూడా ఫొటో తీసి పెట్టు, ఏ రోజు ఏది పెట్టుకోవాలో ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ