దుబాయ్ పోతున్న మేనల్లుడికి

అల్లుడా,

వీసా వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. ఏసీ పని నేర్చుకుని, నీ కాళ్ల మీద నువ్వు నిలబడుతున్నావు. నాకు చాలా సంతోషం. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర కూడా పట్టడం లేదు.

కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఇంట్లో ఒక సెట్ పెట్టు. విజిట్ వీసా మీద మాత్రం పనికి పోకు. అక్కడ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ, కాల్స్ కలవవు. అక్క ఫోన్లో బోటిమ్ అనే కాల్స్ యాప్ వేయించి, ఎట్లా ఎత్తాలో ఇప్పుడే నేర్పించు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. నువ్వు తొమ్మిదికి తిని ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర. పొద్దంతా బీడీలు చుట్టిన మనిషి నీ కోసం మేలుకొని కూర్చుంటుంది. కాబట్టి తినకముందే చెయ్యి.

నేను 2006లో దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపుకు పోయినప్పుడు రూములో ఎనిమిది మందిమి. ఫోన్ కార్డు గీకి ఒక్కడు మాట్లాడితే ఏడుగురం వినేవాళ్లం. ఎవరి బోరులో నీళ్లు పడ్డాయో, ఎవరి చెల్లెకు సంబంధం కుదిరిందో అందరికీ తెలిసేది. తర్వాత అందరి చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చాయి. నేను మంచానికి దుప్పటి పరదా కట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రోజూ మీ అత్తతో, పిల్లలతో వీడియోలో మాట్లాడేవాణ్ణి. ఇంట్లోనే ఉన్నట్టు అనిపించేది.

2016లో ఒక రాత్రి, కింద మంచం మీది మెట్‌పల్లి ఆయన పరదా జరిపి "తమ్మీ" అన్నాడు. అప్పుడే నా బిడ్డ బడిలో నేర్చిన పాట పాడుతోంది. ఆగమని చెయ్యి చూపించాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. పాట అయ్యాక కూడా నేను గంటసేపు మాట్లాడి పడుకున్నాను. తెల్లారి బస్సులో తెలిసింది, ఆయన తల్లి పోయిందని. సెలవు దొరకలేదు. ఊళ్లో తల్లిని వాకిట్లో పడుకోబెట్టి అందరూ ఏడుస్తుంటే, ఆయన క్యాంపు మెట్ల మీద ఒక్కడే కూర్చుని రాత్రంతా ఫోన్లో చూశాడట. ఏడుగురం ఉన్నాం రూములో. ఒక్కరం కూడా లేచి ఆయన దగ్గరికి పోలేదు.

"ఎందుకు చెప్పలేదన్నా?" అంటే, "మీరు ఇంటోళ్లతోని ఉన్నరు గదా" అన్నాడు. కోపం కూడా లేదు ఆయన గొంతులో. మళ్లీ ఎన్నడూ నా పరదా జరపలేదు.

నువ్వు మొన్న బతుకమ్మకు మా ఇంటికొచ్చి మూడు రోజులూ మూలకు కూర్చుని ఫోనే చూశావు. మీ అత్త అన్నం పెడితే తలెత్తలేదు. అప్పుడే గట్టిగా తిడదామనుకున్నాను. నా భయం అదే బిడ్డా. అక్కడ నీకు జ్వరమొస్తే మీ అమ్మ ఫోన్లో ఏడ్వగలదు గానీ, గ్లాసు నీళ్లు అందించేది పక్క మంచం పిల్లగాడే. వాడి ఊరేందో, ఇంట్లో ఎవరెవరున్నారో మొదటి రాత్రే అడుగు. అన్నం అందరితో కలిసి తిను, అప్పుడు ఫోన్ దిండు కింద ఉండనీ.

సకినాలు మూడు కిలోలు చేయమని అక్కకు చెప్పాను. అవి రూము మొత్తానికి. దాచుకోకు.

మీ మామ