అమ్మ ఆపరేషన్‌ను వీడియో తీస్తామంటున్నారు... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మ వయసు 58. థైరాయిడ్ గడ్డకు వచ్చే వారం విజయవాడలో ఆపరేషన్. సర్జన్ తలకు చిన్న కెమెరా పెట్టుకుని వీడియో తీస్తారట, పీజీ విద్యార్థులకు చూపించడానికట. నన్ను సంతకం పెట్టమన్నారు. అమ్మ ముఖం బయటపడుతుందేమో, డాక్టర్ ధ్యాస చెదురుతుందేమోనని భయంగా ఉంది. వద్దంటే ఏమనుకుంటారో!
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ సంతకం పెట్టవలసింది మీరు కాదు, మీ అమ్మగారు. కొడుకో అల్లుడో సంతకం పెట్టేయడం మన ఆస్పత్రుల్లో అలవాటైపోయింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏమందో చూడండి: రోగి మేజరై, తన నిర్ణయం తాను తీసుకోగలిగినప్పుడు కన్నతల్లి ఇచ్చిన అనుమతి కూడా చెల్లదు, ఒక పనికి ఇచ్చిన అనుమతి ఇంకో పనికి వర్తించదు. అది వీడియో కేసు కాకపోయినా సూత్రం ఇక్కడా అదే. కాబట్టి ఆపరేషన్‌కు ఒక కాగితం, వీడియోకు వేరే కాగితం ఉండాలి. రెండోదానికి ఆమె వద్దన్నా వైద్యంలో తేడా రాకూడదు. మొహమాటం అక్కర్లేదు.

అయితే నన్నడిగితే ఒప్పుకోమనే అంటాను. థైరాయిడ్ ఆపరేషన్‌లో మెడ మీద కోత చిన్నది. సర్జన్, అసిస్టెంట్ వంగితే వెనక నిలబడ్డ విద్యార్థికి కనిపించేది వాళ్ల టోపీలే. నేర్చుకోవలసినవి మాత్రం లోపలున్నాయి: స్వరపేటికకు వెళ్లే సన్నని నరం, రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచే, బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు. వాటిని ఎలా కాపాడాలో సర్జన్ కంటి దగ్గర నుంచి చూస్తేనే అర్థమవుతుంది. 2013లోనే అమెరికాలో గూగుల్ గ్లాస్ అనే కెమెరా కళ్లజోడు పెట్టుకుని ఆపరేషన్ చేశారు, ఇది మరీ కొత్త ప్రయోగమేమీ కాదు.

ధ్యాస సంగతి. చాలామంది సర్జన్లు తలకు లైటు, కళ్లకు భూతద్దాలు పెట్టుకునే పని చేస్తారు. ఇంకో వంద, నూట యాభై గ్రాములు పెద్ద బరువు కాదు. చిక్కల్లా కోణంతోనే. సర్జన్ కళ్లు కిందికి చూస్తాయి, కెమెరా ఎదురుగా చూస్తుంది. పైగా ఆపరేషన్ థియేటర్ లైటు వెలుగుకు కోత భాగం తెల్లగా వెలిసిపోతుంది. ఇవన్నీ మొదలుపెట్టే ముందే సరిచూసుకోవాలి. గ్లవ్స్ వేసుకున్నాక ఆపరేషన్ చేసేవారెవరూ కెమెరాను ముట్టుకోకూడదు.

ముఖం గురించి భయం సహజమే. గుడ్డలు కప్పాక కనిపించేది మెడ మాత్రమే, అందుకే అప్పుడే రికార్డింగ్ మొదలుపెట్టమనండి. అందరూ మరిచిపోయేది శబ్దం. పేరు పెట్టి పిలిచినా, వార్డు నంబరు చదివినా అందులో పడుతుంది. శబ్దం తీసేస్తారా? వీడియో ఆస్పత్రి కంప్యూటర్లో ఉంటుందా, ఎవరి ఫోన్లోనైనా ఉంటుందా? సోషల్ మీడియాలో పెట్టబోమని రాసిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే అమ్మగారిని సంతకం పెట్టవద్దనండి. కేసు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. బోధన కోసం తీసిన వీడియో కాపీ కావాలంటే మాత్రం ముందే మాట్లాడుకోండి.

కెమెరా సంగతి పక్కన పెడితే, ఆపరేషన్‌కు ముందు స్వరతంతువుల పరీక్ష చేశారా అని అడగండి. తర్వాత గొంతు బొంగురుపోయినా, పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరిగా ఉన్నా వెంటనే నర్సుకు చెప్పండి. ఆ తిమ్మిరి రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు వస్తుంది, మందులిస్తే సర్దుకుంటుంది.