రంగు వేయని ప్లేటు

అమ్మలూ,

పీహెచ్‌డీలో పరిశోధనకు మానుపసుపులోని బెర్బెరిన్ అనే పదార్థాన్ని ఎంచుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్ల నా దారిలోకి వచ్చిందని ఒకటే సంతోషం, నేను పడ్డ గోతిలోనే పడుతుందేమోనని ఒకటే భయం.

గ్లవ్స్ వేసుకో, తూకాలు ఎప్పటివి అప్పుడే రాసుకో, కొన్న పొడి శుద్ధతను నువ్వే పరీక్షించుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

మానుపసుపుకు ఆ పసుపు రంగునిచ్చేది బెర్బెరినే. నన్ను ముంచిందీ ఆ రంగే. ప్లేటులో పెంచిన కణాలకు బెర్బెరిన్ ఇచ్చి, చచ్చే కణాల్లో వెలిగే రంగు ఒకటి వేసి, చీకటిగదిలో మైక్రోస్కోప్ కింద పెట్టాను. దీపాలు వెలిగించినట్టు పసుపుపచ్చగా మెరిశాయి. ఎనిమిది నెలలు ఆ మెరుపునే కొలిచాను, గ్రాఫులు గీశాను. ఒకరోజు సీనియర్ ఒకాయన "రంగు వేయకుండా చూశావా?" అని అడిగాడు. చూడలేదు. ఆ సాయంత్రమే చూశాను. చుక్క రంగు వేయలేదు, అయినా అదే మెరుపు. బెర్బెరిన్ డీఎన్‌ఏను పట్టుకుంటే తానే వెలుగుతుంది. నేను అన్నాళ్ళూ కొలిచింది కణాల చావును కాదు, బెర్బెరిన్‌ని.

పోయింది నెలలే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. అప్పటికే ఇంట్లో గొప్పలు చెప్పేశాను. కూతురు చదువుతున్న మందు కదా అని మీ తాతయ్య షుగర్ బిళ్ళలతో పాటు ఆ పొడి కూడా మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం చూస్తే చొక్కా కాలర్ చెమటకు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, నా పేరు గుర్తు రావట్లేదు. చక్కెర నీళ్ళు తాగించాక తేరుకుని, "నీ మందు మంచిదేనమ్మా, నేనే ఎక్కువ వేసుకున్నా" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అలాగని బెర్బెరిన్‌ని తీసిపారేయకు. రక్తంలోంచి చెడు కొలెస్ట్రాల్‌ను పట్టి లాగేసే ఎల్‌డీఎల్ రిసెప్టర్లను కాలేయంలో పెంచుతుందని 2004లో తేలింది. 2008లో కొత్తగా షుగర్ వచ్చిన 36 మందిలో కొందరికి ఇది, కొందరికి మామూలుగా వాడే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు, రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున. మూడు నెలల తర్వాత రెండూ షుగర్‌ను ఇంచుమించు ఒకేలా తగ్గించాయి. కానీ 36 మందే, మర్చిపోకు. నోటితో ఇస్తే ఎలుకల రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా కాదు. నువ్వు ప్లేటులో పోసే మోతాదు ఒంట్లో ఎక్కడ ఉంటుందో ఆలోచించి పొయ్యి.

ఎవరైనా "వాడొచ్చా?" అంటే, ముందు ఏ మందులు వాడుతున్నారో అడుగు. మందుల్ని విరిచే కాలేయ ఎంజైములను ఇది అడ్డుకుంటుంది, అవయవ మార్పిడి అయినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ లాంటి మందులు రక్తంలో పెరిగిపోతాయి. గర్భిణులకు, పసిబిడ్డలకు వద్దే వద్దను. కామెర్లలో ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్‌ను, రక్తంలో దాన్ని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ నుంచి తోసేస్తుంది, పసివాళ్ళలో అది మెదడుకు చేరే ప్రమాదం ఉంది.

గట్టిగా చెప్పానని చిన్నబుచ్చుకోకు, బంగారం. వేళకు తిను. మొదటి ప్రయోగం రోజు రంగు వేయని ప్లేటు ఫోటో ముందు నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

నీ మేనత్త